అరిగిన రూపాయి, చిల్లు రూపాయి

బందరు పూర్వవైభవ పునరుద్ధరణ సంఘం వారి గోడపత్రిక కోనేరు సెంటరులో వెలసిన రోజుకి, ఎండుచేపల వర్తకుడు రత్తయ్య చేతిలో ఉన్న ఆస్తి ఇది: అరిగిపోయిన పాత వెండి రూపాయి ఒకటి, చిల్లు పడిన పాత వెండి రూపాయి ఒకటి, చెక్కుచెదరని భార్య నమ్మకం ఒకటి. మొదటిది వాళ్ళ నాన్న గల్లాపెట్టె అడుగున దొరికింది. రెండోది భార్య వీరలక్ష్మి పుట్టింటి నుంచి వచ్చింది. మూడోది ఎలా వచ్చిందో రత్తయ్యకే తెలియదు. వ్యాపారంలో అలాంటి సరుకు అప్పుడప్పుడు వచ్చిపడుతుంటుంది. కారణం అడగకూడదు.

ఇది తొంభైతొమ్మిదో సంవత్సరపు మాట. ఆ ఏడు బందరుకి తన గతం గుర్తుకొచ్చింది. ఓడలు పోయి, రేవు పూడి, వ్యాపారమంతా బెజవాడ దారి పట్టాక ఊళ్ళో ఎవరూ ఎత్తుకుపోనిది గతం ఒక్కటే కనుక, దాన్నైనా సక్రమంగా వాడుకోవాలని పెద్దలు నిశ్చయించారు.

సంఘానికి అధ్యక్షులు సీతారామాంజనేయులుగారు. చరిత్ర లెక్చరరుగా పనిచేసి విరమించారు. ఉద్యోగం నుంచే గాని, ఉపన్యాసం నుంచి కాదు. కోశాధికారి రాంప్రసాద్‌గారు గుడివాడ రైసుమిల్లు యజమాని. బందరు సంఘానికి గుడివాడ కోశాధికారి ఏమిటని అమాయకులు అడుగుతారు. చరిత్ర బందరులో ఉంటుంది, డబ్బు గుడివాడలో ఉంటుంది. రెండూ ఒకేచోట ఉంటే సంఘమే అక్కర్లేదు. ఇక కార్యదర్శి కాంతారావుగారికి చిలకలపూడిలో గిల్టునగల కార్ఖానా ఉంది. రాగి మీద ఆయన పూత పడితే, పెళ్ళికూతురే కాదు, పెళ్ళికూతురి అత్తగారు కూడా నమ్ముతుంది. అంతకంటే గట్టి పరీక్ష ఈ దేశంలో ఇంకా కనిపెట్టలేదు.

సంఘం వారు వైభవ ఉత్సవాలు తలపెట్టారు. ప్రదర్శనకి తుప్పు పట్టిన లంగరు దొరికింది. దొరల సమాధుల ఫోటోలు దొరికాయి. నడిమధ్య అద్దాలపెట్టె మాత్రం ఖాళీగా ఉండిపోయింది. అందుకే గోడపత్రిక: "పూర్వము బందరు టంకసాలలో ముద్రించబడిన వెండి రూపాయి కలవారు దానిని సంఘమునకు సమర్పించి చరిత్రలో స్థానము పొందగలరు. తగిన పారితోషికము ఇవ్వబడును."

రత్తయ్య రెండో వాక్యం ముందు చదివాడు. మొదటిది చదవాల్సిన అవసరం కనిపించలేదు.

అమ్మదలచుకున్నది తన అరిగిన రూపాయే. అది ఎంత అరిగిందంటే, ఒక అంచున సంవత్సరం అంకెలు తప్ప రెండువైపులా నున్నగా అప్పడంలా ఉంటుంది. వీరలక్ష్మి రూపాయి దీనికి సరిగ్గా తలకిందులు. పారశీ అక్షరాలన్నీ నిన్న కొట్టినట్టుంటాయి. కాని ఏ పూర్వీకుడో దారం ఎక్కించడానికి పొడిచిన చిల్లు సరిగ్గా సంవత్సరం ఉన్న చోట పడింది.

ఒక్క అరిగిన రూపాయినే పట్టుకెళ్ళి అమ్మేవాడైతే రత్తయ్య కథ ఇక్కడే అయిపోయేది. ముప్ఫయ్యేళ్ళుగా బందరు మార్కెట్లో ఆయన నేర్చిన విద్య ఒకటుంది. ఎండు నెత్తళ్ళు ఒకే కుప్పగా పోస్తే వచ్చినవాడు, కొందామా వద్దా అని ఆలోచిస్తాడు. అదే సరుకుని రెండు కుప్పలుగా పోసి, ఒకదాంట్లో నాలుగు తలలు విరిగినవి కలిపితే, ఏ కుప్ప కొందామా అని ఆలోచిస్తాడు. వద్దనే మాట వాడికి గుర్తే రాదు. విరిగిన కుప్ప అమ్మడానికి కాదు, పక్కన పెట్టడానికి. ఈ రహస్యం రత్తయ్య కన్నకూతురికి కూడా చెప్పలేదు.

"ఆ చిల్లు రూపాయి ఓసారియ్యవే," అన్నాడు భార్యతో.

"దేనికి మావా?"

"అమ్మడానికి కాదులే. పక్కన పెట్టడానికి."

"పక్కన పెట్టడానికి నీ మొహం పెట్టుకో. వచ్చే నెల్లో మోపిదేవిలో పిల్లోడికి చెవులు కుట్టిస్తన్నాం. నాగాయలంక వియ్యాలవారు బండి కట్టుకుని వస్తారు. రూపాయేదీ అంటే నీ తలకాయ చూపించమంటావా?"

వీరలక్ష్మి పుట్టింటివారిలో చెవులు కుట్టే నాడు పిల్లల మెడలో ఆ రూపాయి ఉండి తీరాలి. అది మెడలో పడ్డ పిల్లల్ని సముద్రం ముట్టుకోదని వాళ్ళ నమ్మకం. డెబ్బైఏడు ఉప్పెనలో వీరలక్ష్మి తమ్ముడు ఆ రూపాయితోనే బతికి బయటపడ్డాడు. తాటిచెట్టు కూడా కొంత సాయపడిందిగాని, ఆ సంగతి ఎవరూ చెప్పరు. ఇప్పుడు కూతురి కొడుకు శ్రీకృష్ణ వంతు.

"రెండు పూటల్లో తెచ్చిస్తాను. నా మాట మీద నమ్మకం లేదా?"

అదే ఉండటం ఆమె ఖర్మ. రూపాయిని ఎర్రదారం నుంచి విప్పి ఇచ్చింది. దారం మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. "ఇది ఇక్కడే ఉంటది. రూపాయి దీన్ని ఎతుక్కుంటా రావాలి," అంది.

సంఘం సమావేశంలో రత్తయ్య రెండు రూపాయల్నీ రెండు సాసర్లలో పెట్టాడు. విద్య పారింది. కొందామా వద్దా అని ఒక్కరూ అనలేదు.

సీతారామాంజనేయులుగారు భూతద్దం దించి, లేచి, గొంతు సవరించుకున్నారు. "సభ్యులారా! చిల్లు అనగా గాయము. గాయము వీరునికి అలంకారము. ఎన్ని దండయాత్రలు, ఎన్ని ఉప్పెనలు ఈ పట్టణం గుండె గుండా దూసుకుపోయినవో ఈ రంధ్రము చెప్పుచున్నది. దీనిలో నుంచి చూచినచో నాకు మూడు శతాబ్దములు కనిపించుచున్నవి."

"నాకు మీ కన్ను కనిపిస్తందండి," అన్నారు రాంప్రసాద్‌గారు. "గుడివాడ నుంచి పెట్రోలు పోసుకుని చిల్లు చూడ్డానికొచ్చానా? మా మిల్లులో చిల్లుసంచి వస్తే తిప్పి పంపుతాం. అరిగిందంటే నలుగురి చేతుల్లో తిరిగిందని. తిరిగితేనేగా అది డబ్బు!"

"ఆ అరిగినదాన్ని ప్రారంభానికొచ్చే మంత్రిగారికి ఏమని చూపిస్తామండీ? చొక్కా బొత్తామనుకుంటారు," అన్నారు అధ్యక్షులు.

"చిల్లుదాన్ని మాత్రం? నట్టుకింద వాషరనుకుంటారు."

చర్చ ఇంత ఉన్నతస్థాయికి చేరాక సభ వాయిదా పడింది. బందరు లడ్డూలు పంచిపెట్టారు.

వాయిదా పడింది సభేగాని చర్చ కాదు. వారం తిరక్కుండా ఊరు రెండు పక్షాలైంది. వకీళ్ళంతా చిల్లు పక్షం. ఎందులోనైనా ఒక చిల్లు ఉంటే తప్ప వారికి పని దొరకదు కదా. రిటైరైన ఉద్యోగులంతా అరుగు పక్షం. కారణం వారు చెప్పలేదు, ఎవరూ అడగలేదు. పాతికేళ్ళుగా ఒకే బెంచీ మీద కాఫీ తాగుతున్న స్నేహితులు ఎదురుబదురు హోటళ్ళకి మారారు. మంచినీళ్ళు రెండు రోజులకోసారి వస్తున్న పేటలో, కుళాయి దగ్గర బిందెలు పెట్టుకుని ఆడవాళ్ళు కూడా ఇదే మాట్లాడుకున్నారు. నీళ్ళ సంగతి ఆ సీజన్లో ఎవరూ ఎత్తకపోవడం మున్సిపాలిటీ వారికి మనశ్శాంతి నిచ్చింది. చిల్లుల స్వభావం అధ్యయనం చేయడానికి ఒక ఉపసంఘం కారులో మోపిదేవి వెళ్ళి, భక్తులు సమర్పించే వెండి పడగలు పరిశీలించి, పులిహోర స్వీకరించి, "చిల్లులు పలురకములు" అని నివేదిక సమర్పించింది.

రత్తయ్య ఆనందానికి మేరలేదు. బేరం ముదిరేకొద్దీ తన అరిగిన రూపాయి ధర ఒక్కో సమావేశానికి ఒక్కో మెట్టు ఎక్కించాడు. ఆ ఆనందంలో, రెండు పూటలని తెచ్చిన చిల్లు రూపాయి మూడో సమావేశం దాకా సాసర్లోనే ఉండిపోయింది.

మూడో సమావేశంలో కాంతారావుగారు నోరు విప్పారు. అంతవరకు ఆయన మాట్లాడలేదు. పనిచేసే మనిషి.

"వాదాలెందుకండీ? చిల్లుదాంట్లో సంవత్సరం లేదు. అరిగినదాంట్లో సంవత్సరం తప్ప ఏం లేదు. దీని ముక్క కోసి దాని చిల్లులో కూర్చేస్తే పోలా? మన చిలకలపూడిలో అతుకు తెలిస్తే నా పేరు మార్చుకుంటా."

సభలో చప్పట్లు ఎంతకీ ఆగలేదు. విరిగిన గొలుసుకి అతుకు, వెలిసిన గాజుకి పూత, ఇది తరతరాలుగా ఆ ఊరి పని. పాడైన వస్తువుని పాడైనట్టే ఉంచడమంటే చేతగానితనం ఒప్పుకున్నట్టే. అతికించడం చేతకాని ఊళ్ళే అతుకుల్లేని చరిత్ర కావాలంటాయి. ఇది కూడా అధ్యక్షులవారి మాటే.

రత్తయ్య గభాలున లేచి నిలబడ్డాడు.

"అయ్యా, చిల్లుది అమ్మకానికి కాదండీ. మా ఆడమనిషిదండీ. ఊరికే పక్కన పెట్టడానికి తెచ్చానండి."

"పక్కన పెట్టడానికా? అంటే?" అన్నారు రాంప్రసాద్‌గారు, వ్యాపారి కాబట్టి చెవులు రిక్కించి.

ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెబితే రూపాయి దక్కేది. కాని ఆ జవాబు మార్కెట్లో ఆయన బతుకుతెరువు. కొనేవాడి ముందు రెండు కుప్పల రహస్యం విప్పాక రేపట్నుంచి ఎవడు కొంటాడు? భార్య సొమ్మా, వ్యాపార రహస్యమా అన్న తూకంలో ముల్లు ఎటు మొగ్గాలో ముప్ఫయ్యేళ్ళ అలవాటు నిర్ణయించింది. రత్తయ్య మళ్ళీ కూర్చున్నాడు.

"చరిత్రకి ఆడమనిషి, మగమనిషి ఉండరు రత్తయ్యా," అన్నారు అధ్యక్షులు దయగా. "నీకు రెండింటి ధరా ఇస్తాం. శాలువా కూడా కప్పుతాం."

"మరి పిల్లోడి చెవులు కుట్టే రోజున, ఒక్కపూట ఇప్పిస్తారాండీ?"

"ఒక్కపూటేం ఖర్మ! మేళతాళాలతో తెచ్చిస్తాం."

రత్తయ్య మనసులో లెక్క చూసుకున్నాడు. సొమ్ము వస్తుంది, శాలువా వస్తుంది, రూపాయి కూడా ఒకపూట వస్తుంది. కాగితం మీద అంతా లాభమే కనిపించింది. ఇంటికెళ్ళి, "సంఘంవారు శుభ్రం చేసిస్తామన్నారే," అని భార్యతో చెప్పాడు. ఆమె ఎర్రదారాన్ని ఒకసారి చూసి పసుపుడబ్బాలో పెట్టి మూతపెట్టింది.

శస్త్రచికిత్స చిలకలపూడిలో దిగ్విజయంగా జరిగింది. సంవత్సరం ముక్క చిల్లులో పట్టలేదు గనుక చిల్లుని కాస్త పెద్దది చేశారు. ఆ కాస్తలో పాదుషాగారి పేరు కొంత పోయింది. పారశీ రాని పనివాడు తనకొచ్చిన తీగల డిజైను చెక్కి ఆ లోటు తీర్చాడు. పతకాల మీద అది బాగా పోయే డిజైను. అయినా అతుకు సన్నగా కనిపిస్తుంటే, ఎవరి నమ్మకమూ చెడకుండా మొత్తానికి బంగారుపూత పూశారు. వెండి రూపాయికి బంగారు రంగేమిటని ఒక సభ్యుడు గొణిగాడు. పూర్వవైభవం తెల్లగా ఉంటుందా అని మిగిలినవారు అడిగేసరికి తన అజ్ఞానానికి విచారం వెలిబుచ్చాడు.

ఉత్సవాలకి మంత్రిగారు రాలేదు. వారి పి.ఎ. వచ్చి రిబ్బను కత్తిరించి, "మూడొందల ఏళ్ళనాటి వస్తువు కొత్తదానిలా ఉందంటే మనవాళ్ళ పనితనం అర్థం చేసుకోవాలి," అన్నారు. ఇంతకంటే నిజమైన మాట ఆ వేదిక మీద ఇంకెవరూ మాట్లాడలేదు. రత్తయ్యకి శాలువా కప్పారు. జనం వరస కట్టారు. అదే డిజైనులో జూకాలు చేయించి పెడతారా అని ఆడవాళ్ళు కాంతారావుగారిని అక్కడే అడిగారు.

మూడోరోజు హైదరాబాదు నుంచి పురాతన నాణేల నిపుణురాలు తన్మయి వచ్చింది. చిన్నపిల్ల. సంఘంవారే కబురంపారు, సర్టిఫికెట్ కోసం. ఆ అమ్మాయి లెన్సు పెట్టి చాలాసేపు చూసింది.

"ఇది ఎవరు చేశారండీ?"

"బందరు టంకసాల!" అన్నారు సీతారామాంజనేయులుగారు.

"అది కాదండీ. పోయిన నెల ఎవరు చేశారు?"

కాంతారావుగారు సిగ్గుపడుతూ ముందుకొచ్చారు. ఆమె మెచ్చుకుందనుకున్నారు.

"సంవత్సరం తలకిందులుగా ఉంది," అంది తన్మయి. "ఇవి రెండు నాణేలు కదూ? అరిగినది అరిగినట్టే ఇచ్చినా రాసుకునేదాన్ని. చిల్లుది చిల్లుతోనే ఇచ్చినా రాసుకునేదాన్ని. అవి చేతులు మారాయి, మెడల్లో వేలాడాయి, అదంతా వాటి బతుకండీ. ఇప్పుడిది ఏ రిజిస్టర్లోనూ ఎక్కదు. క్షమించండి."

ఆమె బస్సు ఎక్కకముందే సంఘం అత్యవసరంగా సమావేశమైంది. నిపుణురాలి వయసు దృష్ట్యా ఆమెను క్షమించడమైనదనీ, తలకిందుల ముద్రణ బందరు టంకసాల ప్రత్యేకతగా గుర్తించడమైనదనీ ఏకగ్రీవంగా తీర్మానించింది. పరాయి ఊరి మనిషి మన రూపాయిని దొంగదంటుందా అన్న కోపంలో చిల్లు పక్షం, అరుగు పక్షం ఏకమైపోయాయి. ఎదురుబదురు హోటళ్ళవాళ్ళు మళ్ళీ ఒక బెంచీ మీదికొచ్చారు. ఊరి ఐక్యతకి ఇంత చౌకలో పరిష్కారం అంతకుముందు దొరకలేదు.

ఆ వేడి చల్లారకముందే కాంతారావుగారు అచ్చు తీయించి నకళ్ళు దింపారు. రాగిరేకు, పైన పూత, తలకిందుల సంవత్సరం యథాతథం. "బందరు వైభవ రూపాయి" అని పేరు పెట్టారు. వేడివేడి పకోడీల్లా పోయాయి.

మోపిదేవి ప్రయాణం దగ్గరపడింది. రత్తయ్య సంఘం గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒక్కపూట ఇస్తామన్నారండీ."

"అన్నాం. కాని ఇప్పుడది వివాదంలో ఉన్న చారిత్రక సంపద," అన్నారు అధ్యక్షులు. "పెట్టె తాళంచెవి కూడా గుడివాడలో ఉంది."

"అయినా ఎలా కడతావయ్యా?" అన్నారు కాంతారావుగారు ఎంతో న్యాయంగా. "దానికిప్పుడు చిల్లు లేదు కదా!"

కాంతారావుగారు మంచిమనిషి. ఒక నకలు తీసి, తన చేత్తోనే చిల్లు కొట్టి ఇచ్చారు. రూపాయి ఖరీదు పుచ్చుకోలేదు. చిల్లు కూడా ఉచితమే.

మోపిదేవిలో స్వామి దర్శనమయ్యాక పిల్లవాణ్ణి వరసకి మేనమామ అయ్యే కుర్రాడి ఒళ్ళో కూర్చోబెట్టారు. వీరలక్ష్మి తమ్ముడు తాతవరస కాబట్టి పక్కన నిలబడ్డాడు, ఉప్పెన నుంచి బతికినవాడు. రత్తయ్య రూపాయి తీసి భార్య చేతిలో పెట్టాడు. ఎండలో అది తళుక్కుమంది.

"ఎంత మెరుస్తందో వదినా!" అంది నాగాయలంక వియ్యపురాలు కనకదుర్గ. "మావైపు పాతవన్నీ నల్లబడి చచ్చాయి. పాతదంటే ఇట్టా ఉండాల!"

వియ్యాలవారంతా చేతులు మార్చుకుంటూ చూశారు. తమ్ముడు కూడా చూశాడు. చూసి అక్క వైపు తిరిగి, వియ్యాలవారు గమనించకుండా దాన్ని ఆమె గుప్పిట్లో పెట్టేశాడు. వీరలక్ష్మి దాన్ని బొటనవేలితో ఒకసారి తడిమింది. చిన్నప్పుడు తన మెడలో, తర్వాత తమ్ముడి మెడలో, కూతురి మెడలో తడిమిన వస్తువు. కొంగుముడిలో ఎర్రదారం ఉంది. దాన్ని తీయలేదు. పక్క కొట్లో కొత్త నైలాన్ దారం కొని, దానితో కట్టింది.

"ఆ ఎర్రదారమేదే?" అన్నాడు రత్తయ్య మెల్లగా.

"అది రూపాయి కోసం మావా," అంది వీరలక్ష్మి.

చెవులు కుట్టినప్పుడు పిల్లవాడు ఏడ్చాడు. ఇంటికొచ్చాక కూడా ఏడుపు ఆపకపోతే చొక్కా విప్పి చూశారు. చెమటకి రొమ్ము మీద రూపాయి ఆనినచోట ఆకుపచ్చగా మరకపడి ఉంది. దిష్టి అని వియ్యపురాలు తేల్చింది. అంత మెరిసే వస్తువుకి దిష్టి తగలదూ మరి!

ఆ తర్వాత మంగినపూడి వైపు పిల్లలెవరైనా సముద్రం ఒడ్డుకి వెళ్తే వీరలక్ష్మి మనవణ్ణి మాత్రం వెళ్ళనివ్వలేదు. కారణం చెప్పలేదు. రత్తయ్య అడగలేదు.

వ్యాపారి ఏ నష్టాన్నీ ఊరికే పోనివ్వడు. రత్తయ్య ఎండుచేపల కొట్టు అల్లుడికి అప్పగించి, వైభవ రూపాయలకి మోపిదేవిలో ఏజెన్సీ తీసుకున్నాడు. రేకుపెట్టె మీద రెండు కుప్పలు పోస్తాడు. ఒక కుప్పలోవి తళతళలాడుతుంటాయి. రెండో కుప్పలోవి ఉప్పునీళ్ళలో నానబెట్టి, పొగ పట్టించి, అక్కడక్కడ అరగదీసినవి. సామాన్యులు మెరిసేవి కొంటారు. చదువుకున్నవాళ్ళు, విషయం తెలిసినవాళ్ళు, అరిగినవి ఏరుకుని మరీ కొంటారు. ధర కూడా ఎక్కువిస్తారు. ఏది మేలని అందరూ అడుగుతారు. అసలు ఇది రూపాయేనా అని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

రత్తయ్య చివరి లెక్క ఇది. ఇచ్చింది: నిజమైన రూపాయలు రెండు. వచ్చింది: అబద్ధపు రూపాయి ఒకటి, అది గుడివాడ తాళంలో ఉంది. శాలువా ఒకటి, దానికి చిమ్మెట చిల్లులు పడ్డాయి. ఆ రెండింటి ధర పెట్టుబడిగా నడుస్తున్న వ్యాపారం ఒకటి. భార్య నమ్మకం ఖాతా చెవులు కుట్టిన రోజుతో మూసేశారు. మొత్తం మీద అసలైనదిగా మిగిలింది ఎర్రదారం ఒక్కటే. అది వీరలక్ష్మి పసుపుడబ్బాలో ఉంది, ఆయనకి చూపించదు.

రాబడి పద్దులో ఆఖరిది మీరు. మోపిదేవిలో ఆ రెండు కుప్పల ముందు నిలబడి, చాలాసేపు ఆలోచించి, తెలివిగా అరిగినది ఏరుకున్నారు కదూ! దేవుడిగూట్లో బాగానే ఉంటుంది. పండగకి తోమేటప్పుడు మాత్రం గట్టిగా రుద్దకండి.